ఇంటికి పిండి మర కొనాలా, కొంటే ఏది? శ్రీకాకుళం నుంచి నా అనుభవం

నమస్తే అండి. మీది విజయనగరం, అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు, ఇంట్లో ఐదుగురు. మామగారికి షుగర్ కాబట్టి రోజూ చోడి (రాగి) అంబలి, వారంలో మూడు నాలుగు రాత్రులు చపాతీ అని రాశారు. ఒకరు రాతి మర కొనమన్నారు, ఇంకొకరు స్టీలు బ్లేడ్లది కొనమన్నారు, షాపులో ఏమో రెండు హెచ్‌పీ మోటారుకి తగ్గొద్దన్నారు. ఏది వినాలో తెలియట్లేదని అడిగారు. మాది శ్రీకాకుళం. 2019 నుంచి మా ఇంట్లో మర ఉంది, వారానికి ఒకసారైనా తిరుగుతుంది. నాకు తెలిసింది రాస్తాను.

ముందు మేం ఎందుకు కొన్నామో చెప్పాలి, ఎందుకంటే ఏ మర కొనాలన్నది దాన్నిబట్టే తేలింది. మా బాబుకి ఐదో ఏట సీలియాక్ అని తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ వాడి పేగులకి పడదు. బియ్యం, చోళ్లు, గంటెలు (సజ్జలు), జొన్నలు, సామల్లో గ్లూటెన్ ఉండదు. ఇవన్నీ మన ఇళ్లలో ఎప్పుడూ తినేవే కదా, పర్వాలేదులే అని ధైర్యం తెచ్చుకున్నాం. గోధుమ ముట్టనివ్వడం మానేసి మూడు నెలలైంది. కడుపునొప్పి మాత్రం పూర్తిగా తగ్గలేదు.

ఒకరోజు చోళ్లు ఆడించడానికి వీధి మరకి నేనే వెళ్లాను. నాకు ముందు ఒకావిడ గోధుమలు ఆడించుకున్నారు. ఇంటికొచ్చి డబ్బాని పెద్ద పళ్లెంలో బోర్లించాను, అడుగున ఉన్నది పైకి వచ్చింది. ఎర్రటి చోడిపిండి కుప్ప నెత్తిన తెల్లగా ఒక పొర! వేలితో తీసి చూస్తే గోధుమపిండే. రాళ్ల మధ్య, గొట్టంలో, గొట్టానికి కట్టిన గుడ్డలో మిగిలిపోయిన పిండి మన పిండితో పాటు వచ్చేస్తుంది. మరాయన తప్పేం లేదు, పొద్దున్నుంచి రాత్రిదాకా అందరికీ అదే మర. కానీ బాబు కంచంలోకి మూడు నెలలుగా ఏం వెళ్తోందో ఆ పళ్లెం చూశాక అర్థమైంది. ఆ వారమే మర కొన్నాం. మా మరలోకి ఈరోజు వరకూ ఒక్క గోధుమ గింజ వెళ్లలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. డబ్బు ఆదా అవుతుందని మాత్రం కొనకండి. మా వీధిలో కిలోకి పది రూపాయలు తీసుకుంటున్నారు. మీ లెక్కన నెలకి పన్నెండు కిలోలు అనుకుంటే 120 రూపాయలు. మర 18,000 అయితే ఆ డబ్బు తిరిగి రావడానికి 150 నెలలు, అంటే పన్నెండేళ్ల పైనే. కరెంటు ఖర్చు పెద్దగా లెక్కలోకి రాదు. ఒక హెచ్‌పీ అంటే సుమారు 750 వాట్లు, గంటసేపు తిరిగితే ఒక యూనిట్‌కి అటూ ఇటూ. కాబట్టి ఏ గింజ ఆడామో మనకి తెలియాలి, కావలసినప్పుడు కావలసినంతే తాజాగా ఆడుకోవాలి అనుకుంటేనే కొనండి. మీ మామగారి అంబలి కోసం అంటే నా మట్టుకు అది సరైన కారణమే.

రాయా, స్టీలా అన్నదానికి రెండూ దగ్గరగా చూసినదాన్ని కాబట్టి చెప్తాను. మాది స్టీలు బ్లేడ్లది, రాజాంలో మా తోడికోడలి దగ్గర రాతి మర ఉంది. వాళ్లింట్లో రోజూ చపాతీలే. రెండు రాళ్ల మధ్య గోధుమ బాగా నలిగి పిండి వేడెక్కుతుంది, అందుకే ఆ పిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, చపాతీ మెత్తగా పొంగుతుంది. స్టీలు బ్లేడ్ల మరలో నలగడం ఉండదు. బ్లేడ్లు నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతూ గింజని కొట్టి పగలగొడతాయి. జల్లిలోంచి దూరేంత సన్నమైన ముక్క కిందికి పోతుంది, లావుది మళ్లీ దెబ్బ తింటుంది. ఈ పిండితోనూ చపాతీ వస్తుంది, కాకపోతే కలిపాక అరగంట నాననివ్వాలి.

రాతి మరకి చాకిరీ ఎక్కువ. కొత్త రాళ్లు మొదట్లో ఇసుక రాలుస్తాయి, పంటికింద కరకరమంటుంది. అరిగాక రాయికి మళ్లీ గాట్లు పెట్టించాలి, ఆ పని తెలిసిన మనిషి ఇప్పుడు దొరకడం కష్టం. మా తోడికోడలు ఒకసారి ఆయన కోసం నెలన్నర ఎదురు చూసింది. రాళ్ల మధ్య ఎడం సరిచేసుకోవడం కూడా చేతికి అలవాటు కావాలి. మీ ఇంట్లో చోళ్లు, బియ్యం ఎక్కువ, గోధుమ తక్కువ. అందుకని మీకు స్టీలు బ్లేడ్లదే మంచిది. గోధుమే ప్రధానమై ఉంటే రాయి వైపే మొగ్గేదాన్ని. రాతిలో ఆడితే పోషకాలు ఉంటాయి, స్టీలులో పోతాయి అని చెప్తుంటారు, దానికి భయపడకండి. పొట్టుతో సహా ఆడిన పిండి ఎందులో ఆడినా పొట్టు పిండిలోనే ఉంటుంది. మనం జల్లించి తవుడు పారేసినప్పుడే పోతుంది.

షాపులో మోటారు గురించే మాట్లాడతారు గాని, మీరు చూడాల్సింది జల్లి. మరతో పాటు రకరకాల కన్నాలున్న జల్లెడ రేకులు ఐదారు ఇస్తారు. చోడి గింజ ఆవగింజంత ఉంటుంది, జల్లి కన్నం కాస్త పెద్దదైతే సగం పగిలిన గింజ అలాగే జారిపోతుంది. అంబలి కాస్తే అడుగున ఇసకలా పేరుకుంటుంది, పెద్దవాళ్ల గొంతుకి అడ్డం పడుతుంది. కాబట్టి అన్నిటికంటే సన్నం జల్లి ఒకటి అదనంగా కొనుక్కోండి. జంతికలకి, అట్లకి బియ్యప్పిండి దాని తర్వాతి జల్లితో బాగుంటుంది. తోపలోకి (ఉప్మాలోకి) నూక కావాలంటే లావు జల్లి వేయాలి, కానీ ఈ మరలో నూకతో పాటు పిండి కూడా బాగా పడుతుంది, జల్లించుకోక తప్పదు. నూక వరకూ రాతి మరదే పైచేయి.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఆగస్టు నెల, వారం నుంచి ముసురు. చోళ్లు కడిగి ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టాను. చేతికి పొడిగానే తగిలాయి, పోసేశాను. పది నిమిషాలకి మర మోత మారింది, బరువుగా మూలిగినట్టు. తర్వాత కాలిన వాసన, టక్కున ఆగిపోయింది. తలుపు తీస్తే జల్లి కనిపించలేదు, గోడకి మట్టి అలికినట్టు దానిమీద ఎర్రటి పిండి అట్టకట్టేసింది. చీపురు పుల్లతో, పాత టూత్ బ్రష్షుతో ఒక్కొక్క కన్నం తెరవడానికి ఒక సాయంత్రం పట్టింది. మోటారుకి వేడెక్కితే ఆగిపోయే స్విచ్ ఉండబట్టి బతికిపోయింది. ఆ స్విచ్ లేని మర ఎంత చవకగా వచ్చినా కొనకండి. అప్పటినుంచి గింజ చేతికి పొడిగా తగిలినా నమ్మను, పంటికింద పెట్టి కొరుకుతాను. టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో రోజు ఎండ కావాలి. వానాకాలంలో కడగడమే మానేశాను. చాటలో చెరిగి, మట్టిగడ్డలు, రాళ్లు ఏరి, పొడిగుడ్డతో రుద్ది పోస్తాను. ఏరకుండా మాత్రం పోయొద్దు, చిన్న రాయి పడ్డా బ్లేడు అంచు పోతుంది.

మోటారు ఒక హెచ్‌పీ చాలండి. గంటకి ఏడెనిమిది కిలోలు ఆడుతుంది, చోళ్లకైతే కొంచెం తక్కువ. మీకు నెలకి కావలసింది పన్నెండు కిలోలు. రెండు హెచ్‌పీ తీసుకుంటే అదనపు డబ్బు, అదనపు బరువు తప్ప వచ్చేది లేదు. దానికంటే పదహారు యాంపుల ప్లగ్గు, మంచి ఎర్తింగు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టొద్దు. వోల్టేజీ తక్కువ ఉన్నప్పుడు మోటారు తిరగకుండా గుయ్‌మంటుంది, వెంటనే ఆపేయాలి, అలా ఉంచితే వైండింగు కాలిపోతుంది. మధ్యలో కరెంటు పోతే లోపలి గింజలు తీసేసి, ఖాళీగా మొదలుపెట్టి, తర్వాతే గింజ వదలండి.

అపార్ట్‌మెంటు అన్నారు కాబట్టి మోత గురించి ఒక మాట. మిక్సీ మోతలాగే ఉంటుంది, కాకపోతే మిక్సీ రెండు నిమిషాలు, ఇది అరగంట. కింద మందపాటి రబ్బరు షీటు వేసి, గోడకి ఆనకుండా పెట్టండి. వంటగదిలో వద్దు, తడి, ఆవిరి తగులుతాయి. మేం వెనక వరండాలో పెట్టి, పదకొండు గంటలప్పుడు, పిల్లలు స్కూల్లో ఉండగా ఆడతాం. తలుపు తీస్తే దానంతటదే ఆగిపోయే మరే తీసుకోండి, ఇంట్లో పిల్లలుంటే ఇందులో రాజీ వద్దు.

ఇంటి మర కొన్నాక వీధి మరతో పనే ఉండదనుకుంటే పొరపాటు. సంక్రాంతి అరిసెలకి నానబెట్టిన తడి బియ్యం ఇందులో పోస్తే నా చోళ్లకి పట్టిన గతే పడుతుంది. అవి వీధి మరకో, రోలుకో వెళ్లాల్సిందే. మా బాబు అరిసెలకైతే నేను రోట్లోనే దంచుతాను. ఎండుమిరపకాయలు ఆడితే ఆ ఘాటు నాలుగు వాయిల దాకా వదలదు, మామగారి అంబలి కారంగా ఉంటుంది. పసుపుకొమ్ములు ఇంటి మర బ్లేడ్లకి మరీ గట్టి. నువ్వులు, వేరుశనగలు నూనె దిగి జల్లి మూసేస్తాయి. సున్నుండలకి వేయించిన మినపప్పు మాత్రం చల్లారాక పోస్తే చక్కగా ఆడుతుంది.

తాజా పిండి విలువ నాకు బాగా తెలిసింది గంటెల దగ్గర. గంటెల్లో నూనె ఎక్కువ, పిండి చేశాక వారం పది రోజుల్లోనే చేదెక్కి కమురు వాసన వస్తుంది. అందుకే ప్యాకెట్ పిండి తిన్నవాళ్లు గంటెరొట్టె చేదని వదిలేస్తారు. మేం కిలో చొప్పున ఆడుకుంటాం, చేదు అన్నమాటే లేదు. చోడిపిండి నిల్వ ఉంటుంది, అయినా మన సముద్రపు గాలికి పదిహేను రోజుల కంటే ఎక్కువ ఉంచను. ఆడిన పిండి వేడిగా ఉంటుంది, వెంటనే మూత పెడితే ఆవిరి పట్టి ఉండ కడుతుంది, పురుగు పడుతుంది. గుడ్డమీద పరిచి గంట ఆరనివ్వండి.

ఇంట్లో తిరగలి ఉంటే అమ్మేయకండి. మా పుట్టిల్లు పలాస దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు చాలా రోజులు కరెంటు లేదు, ఊళ్లో మరలన్నీ మూతపడ్డాయి. మా అమ్మ అటకమీద తిరగలి దింపించి, పక్కింటి వదిన ఎదురుగా కూర్చుంటే ఇద్దరూ పిడి పట్టుకుని తిప్పి, మా వీధిలో నాలుగిళ్లకి చోళ్లు విసిరారు.

కొనే రోజు ఇంటి నుంచి ఒక కిలో చోళ్లు పట్టుకెళ్లండి. షాపువాళ్లు గోధుమ ఆడి చూపిస్తారు, మీరు సన్నం జల్లి వేయించి మీ చోళ్లు ఆడించమనండి. పిండిని రెండు వేళ్ల మధ్య రాసి చూడండి, గరుగ్గా తగిలితే ఆ మర వద్దు. జల్లులు, బ్లేడ్లు విజయనగరంలోనే దొరుకుతాయా, రిపేరుకి మనిషి ఇంటికి వస్తాడా అని అక్కడే అడిగి, ఫోన్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. ఇంటికి తెచ్చాక మొదట రెండు కిలోల పాత బియ్యం ఆడండి. తయారీ గ్రీజు, ఇనుప రజను ఏమైనా ఉంటే దాంతో వచ్చేస్తాయి. ఆ పిండి తినకుండా, పశువులకి కూడా పెట్టకుండా పారేయండి. ఆ తర్వాత గుడ్డ సంచి ఒకసారి దులిపి, మామగారి చోళ్లు పోయండి.