ఆషాఢంలో మా ఇంటికి రా, బాబూ

గుంటూరు,
మంగళవారం.

ప్రభువునందు ప్రియమైన బాబుకు,

వందనాలు. నలుగురిలో నిన్ను పాస్టరు గారూ అనే పిలుస్తాను. కాగితం ముందు కూర్చుంటే మాత్రం సండేస్కూల్లో కంఠత వాక్యం మర్చిపోయి పెదవి కొరుక్కునే పిల్లాడే కళ్లముందుకొస్తాడు. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మొన్న అరండల్‌పేటలో పెళ్లి చేయించావు చూడు, ప్రమాణాల దగ్గర పెళ్లికొడుకు పేరుకు బదులు వాళ్ల నాన్న పేరు చదివావు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వి సర్దుకున్నావు. నాకు మాత్రం నవ్వు రాలేదు. భోజనాల దగ్గర నిలబడే రెండు ముద్దలు తిన్నావు, మూడో ముద్దకు ఫోను. మీ బెజవాడ సింగ్‌నగర్‌లో ఇంటి ప్రార్థన, పటమటలో ఆసుపత్రిలో ఒకాయన, రాత్రికి యవ్వనస్థుల కూడిక అని వరస చెప్పి కారెక్కబోయావు. కాసేపు కూర్చో నాయనా అంటే, "నేను వెళ్లకపోతే ఎవరున్నారయ్యగారూ" అన్నావు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఎందుకంటే ఆ మాట అన్నవాడు నీకు ముందొకడున్నాడు. బైబిల్లో ఏలీయా ప్రవక్త. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసి, అహాబు రాజు రథం కంటే ముందు పరుగెత్తినవాడు, కొద్దిరోజులకే బదరీవృక్షం కింద కూలబడి చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. ఈ భాగం మీద నువ్వూ నేనూ ఎన్నిసార్లు ప్రసంగించామో. కానీ అక్కడ దేవుడు ఏం చేశాడో నిదానంగా చూడు. మందలించలేదు. వాక్యం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, దూతను పంపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఆ తర్వాత నలభై రోజులు నడిపించి హోరేబు కొండ దగ్గర ఒక్క ప్రశ్న అడిగాడు: ఇక్కడ నువ్వేం చేస్తున్నావు? ఏలీయా అప్పుడు కూడా నేనొక్కణ్ణే మిగిలాను అనే అన్నాడు. దేవుడు ఆ లెక్క దిద్దాడు. ఒక్కడు కాదయ్యా, బయలు దేవతకు మోకాళ్లు వంచనివాళ్లు ఏడువేల మంది ఉన్నారన్నాడు. పైగా అతని తర్వాత ప్రవక్తగా ఎలీషాను చూపించాడు.

అలసినవాడి లెక్క ఎప్పుడూ తప్పే వస్తుంది బాబూ. ఏడువేలు ఉన్నచోట ఒకటి కనిపిస్తుంది. నువ్వు పెళ్లికొడుకు పేరు తప్పావు, అది నోటి పొరపాటు, పోయింది. ఎవరున్నారయ్యగారూ అన్నావే, అది లెక్క పొరపాటు. ముందు దిద్దుకోవాల్సింది దాన్ని.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందో నీకెప్పుడూ చెప్పలేదు. నాకప్పుడు నలభై ఆరేళ్లు. ఏడు ఊళ్ల సంఘాలు, ఒక మోపెడు. మంచి శుక్రవారం నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీదా నేనే ప్రసంగం చెప్పాను, మూడు గంటలు. ఒక్క మాటైనా ఇంకొకరికి ఇవ్వలేదు. ఈస్టరు తెల్లవారుజామున ఆరాధనకు గొంతు పెగల్లేదు. గుంటూరు వచ్చి డాక్టరుకు చూపిస్తే, స్వరపేటిక మీద చిన్న బొడిపెలు లేచాయి, మూడు వారాలు గుసగుస కూడా వద్దన్నాడు. పలక కొనుక్కున్నాను. గొంతు పోతే పాస్టరు బతుకేంటని ఆ రాత్రి ఏడ్చాను కూడా.

తర్వాతి ఆదివారం వెళ్లి చిట్టచివరి బల్ల మీద కూర్చున్నాను. రిటైరైన స్కూలు మాస్టారు ఒకాయన వాక్యం చెప్పారు. వ్యాకరణం ఎక్కువైంది గాని బాగానే చెప్పారు. నేను పనిలేక జనాన్ని చూస్తూ కూర్చున్నాను. ప్రసంగం సగంలో స్తంభం పక్కన కూర్చునే ముసలమ్మ లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆశీర్వాదం వినకుండానే వెళ్లిపోయింది. పలక మీద రాసి ఉపదేశిని అడిగాను. "ఆవిడ ఎప్పుడూ అంతే అయ్యగారూ, పన్నెండింటి బస్సు పోతే మళ్లీ నాలుగింటికే" అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ మనిషి ఒక్క ఆశీర్వాదం కూడా వినలేదు. తొమ్మిదేళ్లుగా నేను ఎదురుగా నిలబడి చూడలేదు. గొంతు తిరిగొచ్చాక నా ప్రసంగం ముప్పై నిమిషాలకు దిగింది. అందరూ డాక్టరు సలహా అనుకున్నారు. నేనూ దిద్దలేదు.

మీ బెజవాడ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎండాకాలం బ్యారేజీ దగ్గర కాలవలు కట్టేస్తారు గదా. నీళ్లు నిండుగా పారేటప్పుడు గట్టులో బుంగ ఎక్కడుందో, అడుగున పూడిక ఎంత పేరుకుందో, లాకు తలుపు ఎక్కడ తుప్పు పట్టిందో కనపడదు. కట్టేశాకే దిగి చూస్తారు. కాలవ కట్టేశారని డెల్టా రైతు ఎవడైనా కాలవ చచ్చిపోయిందంటాడా? ఆ బాగు చేయడం లేకపోతేనే భయపడతాడు. మా గుంటూరు మిర్చి యార్డు కూడా వేసవిలో సెలవులిస్తుంది. అంత వ్యాపారం ఆగగా లేనిది నీ మంగళవారం ఉపవాస కూడిక ఆగకూడదా?

నువ్వు ఎప్పుడు మొదలుపెట్టి ఆగలేదో నాకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు మీ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నువ్వు నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశావు. అప్పుడు ఆగమని ఎవరూ అనరు. నేనైనా అనను. కానీ నీళ్లు తీసి ఎన్నాళ్లయింది? గండ్లు పూడ్చారు, ఇళ్లకు సున్నాలు వేసుకున్నారు. నువ్వు మాత్రం ఇంకా నీళ్లలో నిలబడ్డవాడిలాగే పరుగెడుతున్నావు. వరద నాటి వేగం అలవాటైపోతే అదే సేవ అనిపిస్తుంది. నాకు బాగా తెలిసిన జబ్బు ఇది.

విశ్రాంతి తీసుకోవడానికి నీకు అడ్డొచ్చేవి ఏంటో కూడా ఊహించగలను. పైకి చెప్పే కారణం సంఘం. లోపలి కారణాలు రెండు. ఒకటి కానుకలు: నాలుగు ఆదివారాలు పాస్టరు లేకపోతే పెట్టె తేలికవుతుంది, ఇంటద్దె ఆగదు. రెండోది, వచ్చి వాక్యం చెప్పినాయన బాగా చెబితే నలుగురు అటు పోతారేమోనని. సిగ్గుపడకు, నాకూ ఉండేవి. మొదటిదానికి, ట్రెజరరుతో ఇప్పుడే కూర్చుని మాట్లాడు, నెల జీతం ముందే పక్కన పెట్టించు. రెండోదానికి, పెద్ద పేరున్న ప్రసంగీకుణ్ణి పిలవకు. మీ పెద్దల్లోనే ఇద్దర్ని, స్త్రీల సమాజంలో ఒకామెను సిద్ధం చెయ్యి. తడబడతారు. తడబడనీ. మోషేకు వాళ్ల మామ యిత్రో చెప్పింది అదే గదా: నువ్వు చేసే పని మంచిది కాదు, నువ్వూ నలుగుతావు, ఈ జనమూ నలుగుతారు అని. జనమూ నలుగుతారన్న ముక్క మనం వదిలేస్తాం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోషే కోసం వరసలో నిలబడ్డది వాళ్లేగా.

ఎప్పుడు అంటావా? డిసెంబరు ఒకటి నుంచే సెమీ క్రిస్మస్‌లు, ఆపైన కొత్త సంవత్సరం కూడిక, ఆ తర్వాత ఈస్టరు ముందటి శ్రమల దినాలు, మేలో పెళ్లిళ్లూ, పిల్లల వేసవి బైబిలు బడి వీబీఎస్సూ. నన్నడిగితే ఆషాఢం. మన విశ్వాసులు ముహూర్తాలు చూడమని గట్టిగా చెబుతారు గాని, ఆషాఢంలో పెళ్లి పెట్టమంటే ఎందుకో ఏ ఇంట్లోనూ కుదరదు. ఆ నెల ఎన్ని పెళ్లిళ్లు చేయించావో నీ రిజిస్టరు తీసి చూడు. దేవుడు మనవాళ్ల చాదస్తాన్ని కూడా సేవకులకు సెలవుగా మార్చాడని నేను సరదాగా అంటుంటాను.

మూడు ఆదివారాల ముందే ప్రకటన చెయ్యి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఉండను అని సూటిగా చెప్పు. "ప్రార్థించుకోడానికి వెళుతున్నాను" అని పైపూత పూయకు. అలసిపోయాను, విశ్రాంతికి వెళుతున్నాను అను. సంఘంలో ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనిచేసుకునే అక్కలు ఉన్నారు, వాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. చావుకు సెలవుండదు కాబట్టి భూస్థాపనలకు పక్క పాస్టరును ముందే మాట్లాడి పెట్టు, రేపు ఆయన సెలవుకు నువ్వు నిలబడు. ఫోను మీ పెద్దల్లో ఒకరికి ఇచ్చేసి రా. స్కూలు సీట్లు, సచివాలయం కాగితాలు, అప్పుల పంచాయితీలు ఆయనే చూస్తారు. పాస్టరంటే సగం కార్పొరేటరు ఎప్పుడయ్యాడో నాకైతే తెలియదు.

సేవకుల సదస్సుకు వెళ్లి దాన్నే విశ్రాంతి అనుకోకు. తెల్లవారుజామున అయిదింటికి గంట కొట్టి, రాత్రి పదింటి దాకా కూడికలు పెట్టి, చివర్లో ఒక బ్యాగూ ఫైలూ ఇచ్చి పంపుతారు. నా దగ్గర అలాంటి బ్యాగులు పద్నాలుగు ఉన్నాయి. కూరగాయలకు పనికొస్తున్నాయి.

నీ భార్య, ఆ అమ్మాయి సంగతి మర్చిపోవద్దు. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో ఎంతమంది భోంచేస్తారో నేను చూశాను. నీ అలసట అయినా పది మందికి కనపడుతుంది, ఆమెది వంటింటి గోడలకే కనపడుతుంది. తనను ముందు వాళ్ల పుట్టింటికి పంపు, నాలుగు రోజులు తనకొకరు వండిపెడతారు. పిల్లల మాట కూడా చెప్పాలి. మా చిన్నాడికి ఆరేళ్లప్పుడు, ఇంట్లో నేను కాగితాల్లో తల దూర్చి కూర్చుంటే, వాడొచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి "అయ్యగారూ, కొంచెం ప్రార్థన చేయించుకోవాలండీ" అనేవాడు. అలా అన్నవాళ్లకే నేను కుర్చీ వేస్తానని గమనించాడు వాడు. మేమంతా నవ్వుకునేవాళ్లం. వాడికిప్పుడు నలభై. ఆ మాట ఇప్పటికీ అంటాడు. ఇప్పుడు నేను నవ్వను.

మొదటి మూడు రోజులు నిద్రపో. నాలుగో రోజు చేతులు దురద పెడతాయి, ఫోను కోసం జేబు తడుముకుంటావు, సంఘం కూలిపోతున్నట్టు కలలొస్తాయి. అది దాటాలి. బైబిలు చదువు గాని పక్కన ప్రసంగాల నోట్‌బుక్కు పెట్టుకోకు. ఇది ఎక్కడ చెప్పుకోవచ్చా అని కాక, నాకోసం చదవడం ఎలా ఉంటుందో నువ్వు మర్చిపోయి ఉంటావు. ఆదివారం తెల్ల లాల్చీ వదిలేసి, ఎవరూ ఎరగని చర్చిలో చివరి బల్ల మీద కూర్చో.

వారం గడిచాక ఒక కాగితం తీసుకుని, నువ్వు చేసే పనులన్నీ రాయి. నేను రాస్తే ముప్పై ఒకటి తేలాయి, అందులో జనరేటరులో డీజిలు పోయించడం కూడా ఉంది. నువ్వు తప్ప ఇంకొకరు చేయలేనివాటి కింద గీత గీయి. నాకు నాలుగే మిగిలాయి. కపెర్నహూము ఊళ్లో యేసు ప్రభువు చీకటితోనే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లాడు. శిష్యుడు పేతురు వెతుక్కుంటూ వచ్చి అందరూ నిన్ను వెదుకుతున్నారన్నాడు. ఆయన వెనక్కి వెళ్లలేదు, పక్క ఊళ్లకు పోదాం పదండి, అందుకే గదా వచ్చాను అన్నాడు. అందరూ వెదుకుతున్నారు అన్న మాట విని కూడా వెళ్లకుండా ఉండాలంటే తన పని ఏంటో ముందు తేల్చుకుని ఉండాలి. ఆయన దాన్ని ఆ చీకట్లో తేల్చుకున్నాడు.

మన గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ సంగతి నీకు తెలిసిందే. కొన్నేళ్లకే ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లిపోవాల్సొచ్చింది. అప్పుడు పని సగంలో వదిలాడని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆయన అక్కడ వైద్యం చదువుకుని 1848లో తిరిగొచ్చాడు. 1857లో మళ్లీ వెళ్లాడు. డెబ్బై దాటిన వయసులో, 1869లో రాజమండ్రి పని కోసం మళ్లీ ఓడెక్కి వచ్చాడు. ఆయన చరిత్ర చెప్పేటప్పుడు రాకల గురించే చెబుతాం, వెళ్లడాల గురించి ఎందుకో చెప్పం.

తిరిగి వెళ్లిన మొదటి ఆదివారమే పది కొత్త పథకాలు ప్రకటించకు. రెండు పనులు మానేస్తున్నానని చెప్పు, చాలు. ఏ రెండో నీ కాగితమే చెబుతుంది. ఎవరో ఒకరు అలుగుతారు. వాళ్లింటికెళ్లి టీ తాగి రా.

మా మేడమీది గది ఊడ్పించాను. ఫ్యాను కొంచెం శబ్దం చేస్తుంది, నీ దిండు నువ్వు తెచ్చుకో. పొద్దున ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. మా ఇంటి అమ్మగారు ఇప్పటికే రెండు రకాల పచ్చళ్లు తీసి పెట్టింది. ఒక రోజు బాపట్ల బండెక్కి సూర్యలంక వెళ్దాం, అక్కడ వాక్యం గురించి మాట్లాడకూడదని షరతు. నేను కూడా కష్టపడి ఊరుకుంటాను. ఏ తేదీన వస్తావో వాట్సాప్‌లో కాదు, ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ అయ్యగారు

మళ్లీ: పెళ్లివాళ్లు వీడియో పంపారు. పేరు తప్పిన ముక్క తీసేయలేదు, దానికి వెనక పాట కూడా పెట్టారు. నువ్వొచ్చాక చూపిస్తాను.