మళ్లీ ఇంటరే కదా అనుకోకు

చిన్నా,

జర్మనీ వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. దాంతోపాటే "మళ్లీ ఇంటర్ సిలబసే కదమ్మా, ఏడాది రెస్ట్" అని నువ్వన్న మాట కూడా చెప్పింది. ఈ ఉత్తరం అందుకే. ఆదివారాలు సాంబారు కోసం లైప్‌జిగ్‌లో మా ఇంటికి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. స్టూడియెన్‌కొలెగ్‌లో, అంటే యూనివర్సిటీలో చేరేముందు నీలాంటి విదేశీ పిల్లలు చదివే ఈ ఏడాది కోర్సులో, తడబడినవాళ్లలో లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఎక్కువ.

సిలబస్ సంగతి నువ్వన్నది నిజమే. నువ్వు చేరే టి-కుర్స్‌లో (ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్ల కోర్సు) డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, వెక్టర్లు అన్నీ నువ్వు చేసినవే. కానీ ఎప్‌సెట్‌కి (అదే మన పాత ఎంసెట్) నువ్వు చేసిన ప్రాక్టీసు వేరు. ఆప్షన్లు పెట్టి చూసి, కుదరనివి కొట్టేసి, నిమిషంలో జవాబు నొక్కేవాడివి. ఇక్కడ పేపర్లో ఆప్షన్లు ఉండవు. "బెరెష్నెన్" అని అడిగితే లెక్క కట్టి చూపాలి. "బెగ్రుండెన్" అంటే ఎందుకలా అయిందో జర్మన్‌లో వాక్యాలు రాయాలి. మధ్య మెట్లు మింగేసి జవాబు ఒక్కటే రాస్తే, అది సరైనదే అయినా మార్కులు పోతాయి. కాబట్టి మొదటి వారం నుంచే తెలిసిన లెక్కల్ని జర్మన్‌లో వివరంగా రాయడం మొదలుపెట్టు. షార్ట్‌కట్లు పక్కన పెట్టు.

అంకెలు కూడా జాగ్రత్త. ఇక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. 2,5 అంటే రెండున్నర. 1.000 అంటే వెయ్యి. బోర్డు మీద టీచర్ రాసే ఒకటికి ముందు పొడుగ్గా పైకి గీత ఉంటుంది, చూస్తే ఏడులా కనిపిస్తుంది. వాళ్లు ఏడుకి నడుమ అడ్డగీత పెట్టేది అందుకే. నువ్వూ అలాగే రాయి. మార్కులు మనకి తిరగేసి ఉంటాయి: 1 అంటే ఫస్ట్ క్లాస్, 4 అంటే బొటాబొటి పాస్, 5 వస్తే ఫెయిల్. కోర్సు చివర్లో ఉండే ఎఫ్ఎస్పీ అనే అర్హత పరీక్ష తప్పితే ఇంకొక్కసారే రాయనిస్తారు.

నువ్వు ఇప్పటిదాకా ఉన్న హాస్టల్లో స్టడీ అవర్ అంటే వార్డెన్ వెనకే నిలబడేవాడు. ఇక్కడ నిన్ను ఎవరూ లేపరు, నాన్నకి ఫోన్ చేయరు. అలాగని హాజరు లెక్కలోకి రాదనుకోకు. రోజూ రాసుకుంటారు. జ్వరం వస్తే ఆ రోజే కబురు చెయ్యి, అడిగితే డాక్టర్ చీటీ ఇవ్వు. ఆ తర్వాత బతిమాలితే పని జరగదు.

ఇక నీకు నచ్చని మాట ఒకటి. తెలుగు కుర్రాళ్లు నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుందామని ఇప్పటికే వాట్సాప్ గ్రూపులో అనుకుంటున్నారట. వద్దు. వంట కలిసి చేసుకోండి, పండక్కి కలవండి, ఒంట్లో బాగోకపోతే ఒకరికొకరు ఉండండి. కానీ ఉండటం మాత్రం వేరేవాళ్లతో ఉండు. నీ క్లాసులో వియత్నాం, ఇరాన్, మొరాకో పిల్లలు ఉండవచ్చు. వాళ్లతో మాట్లాడాలంటే తప్పులతోనైనా జర్మన్ ఒక్కటే దిక్కు. నీకు జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) సర్టిఫికెట్ ఉంది కానీ, ఫిజిక్స్ టీచర్ గబగబా చెప్పుకుపోతుంటే మొదటి నెల సగం కూడా అందదు. తల ఊపి ఊరుకోవడం మనవాళ్లకి అలవాటు. చెయ్యెత్తి "ఇంకోసారి చెప్పండి" అను. దాన్ని ఇక్కడ ఎవరూ తప్పుగా తీసుకోరు.

దిగగానే చేయాల్సిన పనుల్లో ముందుది, గదిలో చేరిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించడం. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి, తాళాలు తీసుకునేటప్పుడే అడుగు. పోస్టు డబ్బా మీద నీ పేరు అతికించు. పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు, అది ఇన్సూరెన్స్‌దైనా, బ్యాంకుదైనా, వీసా ఆఫీసుదైనా సరే. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఏడాది ఖర్చులకని ముందే డబ్బు వేసి ఉంచిన ఖాతా) వేసిన 11,904 యూరోలు నెలకి 992 చొప్పున వస్తాయి కానీ, ఇక్కడి బ్యాంకు అకౌంటు తెరిచాకే. అందాకా గడవడానికి డబ్బు విడిగా తెచ్చుకో.

నువ్వు చదవబోయే కోతెన్ చిన్న ఊరు. హైదరాబాద్ నుంచి వచ్చేవాడికి మొదటి ఆదివారం కర్ఫ్యూ పెట్టారేమో అనిపిస్తుంది, షాపులన్నీ మూసి ఉంటాయి. సరుకులు శనివారమే కొను. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1717 నుంచి 1723 దాకా ఆ ఊరి కోటలోనే కొలువు చేశాడు, ఒకసారి వెళ్లి చూడు. (సంగీతం నీకు పట్టదని తెలుసు, అయినా చూడు.) డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. బెంగ ఎక్కువయ్యేది అప్పుడే. గదిలో దుప్పటి కప్పుకుని ఇంటర్ ఫ్రెండ్స్‌తో గంటలు గంటలు వీడియో కాల్‌లో కూర్చోకు. మధ్యాహ్నం వెలుతురుండగానే అరగంట బయట నడు. అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి, కానీ పది నిమిషాలు చాలు. చలికాలంలో ఇండియా మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది, ఆవిడ నిద్ర చెడగొట్టకు.

సామాన్ల విషయం. ఆవకాయ సీసాకి రెండు కవర్లు చుట్టి చెకిన్ బ్యాగులో పెట్టు. కుక్కర్‌కి గాస్కెట్లు రెండు తెచ్చుకో, మన కుక్కర్లవి ఇక్కడ దొరకడం కష్టం. నెయ్యి మాత్రం అమ్మమ్మ ఎంత పోరినా తేవద్దు, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో పారేస్తారు. ఇక్కడి వెన్న కాస్తే మంచి నెయ్యే వస్తుంది, వచ్చాక నేను చూపిస్తాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎన్నింటికి దిగుతావో రాయి, కోతెన్‌కి దారిలో హాలె అనే ఊళ్లో మారి ఎక్కాల్సిన రైలు చూసి పెడతాను.

మీ పెద్దమ్మ