ఆ ఐస్‌లాండ్ మంచు ఊరి డిటెక్టివ్ నవలలు ఏ వరుసలో చదవాలి? అంత మారుమూల ఊరే ఎందుకు?

మీరు అడిగింది రాగ్నార్ యోనాసన్ 'డార్క్ ఐస్‌లాండ్' సిరీస్ గురించి అనుకుంటున్నా, సిగ్లుఫ్యోర్దుర్ అనే ఊళ్లో కుర్ర పోలీసు అరి థోర్ కథలు. ఇంగ్లీషులో వచ్చిన వరుస నమ్ముకోకండి. స్నోబ్లైండ్ తర్వాత నైట్‌బ్లైండ్ వేసేశారు, కానీ కథలో అది దాదాపు ఐదేళ్ల తర్వాతది, ముందే చదివితే అతని కాపురం సంగతంతా తెలిసిపోతుంది. స్నోబ్లైండ్, బ్లాకౌట్, రప్చర్, వైటౌట్, అప్పుడు నైట్‌బ్లైండ్, చివర వింటర్‌కిల్.

ఊరి సంగతంటారా, అది నిజంగా ఉన్న ఊరే. ఒకప్పుడు హెర్రింగ్ చేపలతో కళకళలాడి, ఆ చేపలు పోయాక చిక్కిపోయింది. చుట్టూ కొండలు నిటారుగా ఉండటంతో నవంబర్ మధ్య నుంచి జనవరి చివరిదాకా ఊళ్లో ఎండే పడదు, మళ్లీ సూర్యుడు కనిపించిన రోజున పాన్‌కేకులు చేసుకుని తింటారట! 1967లో సొరంగం తవ్వేదాకా చలికాలంలో రోడ్డు దారే లేదు. 2010లో ఇంకో రెండు సొరంగాలు వచ్చాయి గానీ స్నోబ్లైండ్ కథ అంతకు ముందుది, అందుకే హిమపాతం దారి మూసేయగానే హంతకుడూ పోలీసూ అందరూ లోపలే ఇరుక్కుంటారు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి కిరండూల్ రైలు లైను ఆగిపోతే మన కోరాపుట్‌లో ఎలా ఉంటుందో చూసినవాళ్లకి ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

పరుగులు పెట్టే థ్రిల్లర్ మాత్రం కాదు. రచయిత పదిహేడేళ్ల నుంచే అగాథా క్రిస్టీని అనువదించిన మనిషి, నిదానంగానే నడిపిస్తాడు.