క్లౌడ్ కంపెనీ వెబ్ పేజీలో, అంటే కన్సోల్‌లో, క్లిక్ చేస్తే సర్వర్ వచ్చేస్తుంటే టెర్రాఫామ్ అనే టూల్ ఎందుకు?

ఒక్క సర్వరే అయితే కన్సోల్ చాలు. అదే సెటప్ టెస్టింగ్‌కి ఒకటి, ప్రొడక్షన్‌కి ఒకటి కావాలన్నప్పుడే చిక్కు. ఆరు నెలల క్రితం ఫైర్‌వాల్‌లో ఏ పోర్టు తెరిచామో ఎవరికీ గుర్తుండదు.

టెర్రాఫామ్‌లో ఏం కావాలో ఫైల్లో రాస్తాం, దాని ప్రకారం అదే సెటప్ కడుతుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే గిట్‌లో ఆ ఫైల్ ఉంటుంది. ముంబయిలో ఉన్న సెటప్‌నే 2022లో మొదలైన ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లోనూ నిలబెట్టాలంటే రీజియన్ పేరు, మెషిన్ ఇమేజ్ (సర్వర్ ఏ ఓఎస్ కాపీతో మొదలవ్వాలో చెప్పేది) ఐడీ లాంటి కొన్ని విలువలు మారిస్తే చాలావరకు పని అయిపోతుంది.

అసలు జాగ్రత్త ‘ప్లాన్’ దగ్గర, అంటే ఏమేం మారబోతుందో టెర్రాఫామ్ ముందే చూపే జాబితా దగ్గర. ఆ మార్పులు నిజంగా చేసే ‘అప్లై’ కొట్టే ముందు దాన్ని పూర్తిగా చదవండి. నడుస్తున్న ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీస్) డేటాబేస్‌కి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేద్దామని ఒక్క లైను మార్చారనుకోండి, ప్లాన్‌లో ‘-/+’ గుర్తు కనిపిస్తుంది. అంటే పాతది తీసేసి కొత్తది కడుతుందన్నమాట, డేటా దానంతట అది రాదు! అందుకే డేటాబేస్‌లకు, తీసేయకుండా ఆపే ‘ప్రివెంట్ డెస్ట్రాయ్’ సెట్టింగ్ తప్పకుండా పెట్టమంటాను.

రెండోది స్టేట్ ఫైల్. ఏం కట్టిందో టెర్రాఫామ్ అందులో రాసుకుంటుంది, పాస్‌వర్డ్‌లు కూడా మామూలు అక్షరాల్లోనే ఉండిపోవచ్చు. దాన్ని గిట్‌లో పెట్టకండి. ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్ అయిన ఎస్3 బకెట్‌లో ఉంచి, వర్షనింగ్ (పాత కాపీలు దాచడం), లాకింగ్ (ఒకసారికి ఒక్కరే మార్చేలా చూడడం) రెండూ ఆన్ చేయండి. లాక్ లేకుండా ఇద్దరు ఒకేసారి అప్లై కొడితే ఆ రోజంతా టెన్షనే.

టెర్రాఫామ్ లైసెన్స్ గురించి ఆలోచిస్తుంటే, 2023లో దాని నుంచి విడిపోయిన ఓపెన్ సోర్స్ టూల్ ఓపెన్‌టోఫు ఉంది. రాసే పద్ధతి దాదాపు అదే.