సమాధానం: వాళ్లు ఇంటి విషయాలు లాగితే మనం ఏం చేయాలి?

మీ వదినగారు సర్పంచ్‌గా నిలబడ్డారు, అవతలివాళ్లు వాట్సాప్‌లో ఇంటి విషయాలు లాగుతున్నారు, మీ కుర్రాళ్లు మనమూ తిరిగి అందామంటున్నారు. వద్దండీ. జవాబిచ్చిన ప్రతిరోజూ ఊళ్లో నడిచేది వాళ్ల మాటే. పైగా సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు, మనిషిని చూసే ఓటేస్తారు. రేపు అదే పెళ్లి పందిట్లో అందరూ ఎదురుపడాలి.

ముందు ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ లెక్కలు తీయండి, ఎవరైనా చూడొచ్చు. కేంద్రం పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. మీ ఊళ్లో అది ఏ వీధికి చేరింది, ఏ వీధికి చేరలేదు? వదినగారే గడపగడపకూ వెళ్లి అడిగి నోటుబుక్కులో రాసుకోవాలి. అందులోంచి మూడే పనులు ఎంచుకోండి. ‘అభివృద్ధి చేస్తాం’ అంటే ఎవరికీ పట్టదు, ‘బడి వెనక మురుగుకాల్వ కట్టిస్తాం’ అంటే ఆ వీధంతా వింటుంది. వైఎస్‌నే చూడండి, 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఆ రోజుల్లో రైతుకు బాగా పట్టింది ఉచిత కరెంటు మాటే, 2004లో ముఖ్యమంత్రిగా తొలి సంతకమూ దానిమీదే పడింది.

విమర్శే వద్దనను. పాత పాలన పనితీరును లెక్కలు చూపించి అడగండి. ఎన్నికల నియమావళి కూడా దాన్ని ఒప్పుకుంటుంది, వ్యక్తిగత జీవితం జోలికి మాత్రం వెళ్లొద్దంటుంది. కాబట్టి ఆ సందేశాల స్క్రీన్‌షాట్లు తేదీలతో దాచి, రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఎవరైనా వదినగారిని నేరుగా అడిగితే, ‘మా ఇంటి సంగతి ఉంచండి, మీ వీధికి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తున్నాయో చెప్పండి’ అనమనండి.