రక్తం గ్రూపు తేలలేదంటే ఆ తువ్వాలు పనికిరానట్టేనా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను పర్లాకిమిడిలో ప్రాసిక్యూషన్ తరఫు సీనియర్ దగ్గర జూనియర్‌ని. ఒక హత్య కేసులో నిందితుడి ఇంట్లో దొరికిన తువ్వాలు మీద లాబ్ రిపోర్టు వచ్చింది. 'మానవ రక్తం, గ్రూపు తేలలేదు' అని రాశారు, అంతే. దీని అర్థమేమిటని సీనియర్ అడిగితే తెల్లమొహం వేశాను. సైన్సు నాకు టెన్త్‌తోనే ఆగిపోయింది. నాలాంటివాళ్లకు ఫోరెన్సిక్ శిక్షణ ఉంటుందా? నేర్చుకోగలనా?
– ఒక జూనియర్ లాయర్, పర్లాకిమిడి

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరమ్మా. రిపోర్టు చదవడానికి సైన్సు డిగ్రీ అక్కర్లేదు.

ముందు మీ తువ్వాలు సంగతి చూద్దాం. మచ్చను లాబ్‌లో తడి ఫిల్టర్ కాగితంతో అద్ది, దాని మీద ఫినాల్ఫ్తలీన్ మందు ఒక చుక్క, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేస్తాం. రక్తమైతే క్షణాల్లో గులాబీ రంగు తేలుతుంది. కొన్ని కూరగాయల రసాలకూ ఆ రంగు వస్తుంది కాబట్టి అక్కడితో ఆగం. మనిషి రక్తమా కాదా అన్నది ఇంకో పరీక్ష. గ్రూపు చూడటం ఆ తర్వాతి పని. మచ్చ పాడైపోయినా, మరీ కొంచెమే ఉన్నా గ్రూపు దగ్గర ఆగిపోతాం. అంటే 'తేలలేదు' అన్నంత మాత్రాన 'మృతుడి గ్రూపుతో కలవలేదు' అని కాదు. డిఫెన్సు వాళ్లు కలవలేదన్నట్టు వాదిస్తే మీరు ఒప్పుకోకూడదు. మీరూ దాన్ని మృతుడి రక్తమని చెప్పకూడదు.

మరి ఎందుకు తేలలేదు? దీనికి జవాబు చాలాసార్లు ప్యాకెట్ మీదే ఉంటుంది. నేను ఫోరెన్సిక్ లాబ్‌లో చేరిన మొదటి వానాకాలం ఒక మారుమూల స్టేషను నుంచి చీర వచ్చింది. లక్క సీలు చక్కగా ఉంది, దారం బిగువుగా ఉంది. విప్పగానే ముక్కు పగిలే వాసన. తడి చీరను పాలిథిన్ కవర్లో చుట్టి పంపారు. మడతల్లో నల్లటి బూజు, కవరు లోపలంతా నీటి బొట్లు. ఆ చీర మీద ఏమీ తేల్చలేకపోయాను. చనిపోయిన అమ్మాయి తల్లి ప్రతి వాయిదాకీ వచ్చి కోర్టు వరండాలో కూర్చునేదని తర్వాత విన్నాను. నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టాలన్న ఒక్క మాట ఆ కానిస్టేబుల్‌కి ఎవరూ చెప్పలేదు. అతని మీద నాకు ఈరోజుకీ కోపం లేదు. నేర్పకుండా పనిలోకి పంపినవాళ్ల మీద ఉంది.

అందుకని మీరు రిపోర్టుతో మొదలుపెట్టకండి. జప్తు చేసిన తేదీ, మాల్‌ఖానాలో (స్టేషన్లో జప్తు వస్తువులు దాచే గదిలో) పెట్టిన తేదీ, లాబ్‌కు చేరిన తేదీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. మధ్యలో ఎన్నాళ్లు, ఎవరి దగ్గర ఉందో చూడండి. లాబ్‌కు విడిగా పంపిన సీలు నమూనా, ప్యాకెట్ మీది సీలు ఒకటేనని రిపోర్టులో రాశారా? మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఇంకో చిక్కుంది. జప్తు జాబితా ఒడియాలో ఉంటుంది, సంతకం పెట్టిన సాక్షికి తెలుగు తప్ప రాదు. అందులో ఏం రాశారో అతనికి చదివి వినిపించారా అన్నది బోనెక్కక ముందే తెలుసుకోండి. నది దాటితే పాతపట్నం, అక్కడ పోలీసు వేరు, లాబ్ వేరు. రెండు వైపులా వస్తువులు దొరికిన కేసైతే రెండు దారులూ వెతకాలి.

ప్రభుత్వ నిపుణుడి రిపోర్టును ఆయన సాక్ష్యం చెప్పకపోయినా కోర్టు తీసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షన్ అది. అవసరమనుకుంటే కోర్టు ఆయన్ని పిలిపించి అడగవచ్చు కూడా. ఈ రెండో సగం చాలామంది లాయర్లు మరిచిపోతారు. అదే చట్టం 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. చట్టం 2024 జూలై 1 నుంచి నడుస్తోంది. మీ కేసులో ఎవరైనా వెళ్లారా అన్నది కేస్ డైరీలో తెలుస్తుంది.

శిక్షణ విషయానికొస్తే, గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది. పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు, జడ్జిలకు అక్కడ శిక్షణ ఇస్తారు. దర్యాప్తు అధికారులకైతే హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ దగ్గర. అంత దూరం ఇప్పుడే వద్దనుకుంటే, మీ బార్ అసోసియేషన్ తరఫున బరంపురం ప్రాంతీయ లాబ్‌కు ఒక ఉత్తరం రాసి, ఒక్క పూట చూడనివ్వమని అడగండి. ఒక ప్యాకెట్ విప్పడం కళ్లారా చూస్తే పది పుస్తకాలు చదివినట్టు.

ఇంకొక్కటి, ఇది ఈ వారమే చేయండి. తువ్వాలులో పరీక్షకు కత్తిరించగా మిగిలిన భాగం ఎక్కడుందో కనుక్కోండి. సీలులోనే ఉంటే, దాని మీద డీఎన్ఏ పరీక్ష కోసం కోర్టును అడుగుదామని మీ సీనియర్‌తో చెప్పండి. పోల్చడానికి మృతుడి రక్త నమూనా పోస్ట్‌మార్టంలో తీసి ఉంచారో లేదో ఆ రిపోర్టులో చూసి మరీ వెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.