విండోస్ అలవాటుతో మ్యాక్ మీద టెక్స్ట్ సెలెక్ట్ చేయడం: కీలన్నీ మార్చేసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: ఏళ్ల తరబడి విండోస్ వాడారు, ఇప్పుడు ఆఫీసువాళ్లు మ్యాక్ ఇచ్చారు, టెక్స్ట్ సెలెక్ట్ చేయబోతే చేతులు తడబడుతున్నాయి, కీలన్నీ విండోస్‌లాగే మార్చేసుకుంటే పోలా అని.

నావి రోజూ రెండు పడవల మీద కాళ్లేనండి. పగలు భీమవరంలో ఇంటి నుంచే కంపెనీ పని, అది మ్యాక్ మీద. సాయంత్రం మా బాబాయిగారి రొయ్యల కొనుగోలు ఆఫీసులో విండోస్. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) వారీగా రేట్లు టైపు చేసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఒకదానికి అలవాటుపడి రెండోది మర్చిపోయే వీలు లేదు.

అన్నీ మార్చొద్దంటాను. పూర్తిగా వేరుగా ఉన్న కీలు కొన్నాళ్లు విసిగించి వాటంతటవే చేతికి వచ్చేస్తాయి. కాపీకి కంట్రోల్ బదులు కమాండ్. లైను మొదటికీ చివరికీ కమాండ్‌తో ఎడమ, కుడి బాణాలు. ఫైలు మొదటికీ చివరికీ పై, కింది బాణాలు. షిఫ్ట్ కలిపితే అక్కడిదాకా సెలెక్ట్ అవుతుంది. హోమ్ నొక్కితే పేజీ పైకి జరుగుతుంది గానీ కర్సర్ ఉన్నచోటే ఉంటుంది, కీ పాడైందని కంగారుపడకండి. కంట్రోల్ ఎ, కంట్రోల్ ఇ కూడా లైను మొదలు, చివరే. నాకు అవే హాయి, చెయ్యి బాణాలదాకా పోనక్కర్లేదు.

అసలు తలనొప్పి పైకి ఒకేలా కనిపించి వేరుగా పనిచేసేవాటితో. నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, కుడి బాణం నొక్కితే మాటతోపాటు దాని పక్క ఖాళీ కూడా సెలెక్షన్‌లోకి వస్తుంది. మ్యాక్‌తోపాటే వచ్చే టెక్స్ట్‌ఎడిట్‌లో ఆప్షన్, షిఫ్ట్, కుడి బాణం మాట చివరే ఆగిపోతుంది. "40 కౌంట్ రేటు" అనేదాంట్లో కౌంట్ తీసేశారనుకోండి, విండోస్‌లో ఒక ఖాళీ మిగులుతుంది, మ్యాక్‌లో రెండు. తీసేయకుండా దాని మీదే ఇంకో మాట కొడితే ఉల్టా: విండోస్‌లో అది పక్కమాటకు అతుక్కుపోతుంది, మ్యాక్‌లో ఏ గొడవా ఉండదు. ఏం చేయబోతున్నారో ముందే అనుకుని సెలెక్ట్ చేయాలి.

మౌస్‌తో ఇంకో తిరకాసు. మాట మీద డబుల్ క్లిక్ చేసి షిఫ్ట్, ఎడమ బాణం నొక్కండి. విండోస్‌లో కుడి చివర నుంచి సెలెక్షన్ తగ్గుతుంది. మ్యాక్‌లో ఎడమవైపుకి పెరుగుతుంది. మీరు మొదట ఏ బాణం నొక్కితే ఆ వైపు కదులుతుంది. 1984లో వచ్చిన మొదటి మెకింతోష్ కీబోర్డుకు బాణం కీలే లేవు, కర్సర్ పనంతా మౌస్‌తోనే. ఆ వంశంలో మౌస్‌కి మర్యాద ఎక్కువలే అని సరిపెట్టుకున్నాను.

రేట్ల లిస్టులో నిన్నటి వరస మాత్రమే నిలువుగా తీసేయాలంటే టెక్స్ట్‌ఎడిట్‌లో ఆప్షన్ పట్టుకుని మౌస్ లాగాలి. నోట్‌ప్యాడ్‌లో ఆ సదుపాయం లేదు, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే వేరే యాప్‌లో ఆల్ట్ పట్టుకుని లాగితే వస్తుంది. తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు కాబట్టి అంకెలు ముందు, తెలుగు తర్వాత రాయండి, గీత తిన్నగా దిగుతుంది. "ఏరా, రేట్లు పెట్టావా" అని బాబాయి కేకేసేలోపు అయిపోతుంది.

తెలుగు టైపు చేసేవాళ్లకి ఇంకొకటి. "స్త్రీ" అనేది కంప్యూటర్‌కి ఆరు ముక్కలు. ఇలాంటి ఒత్తుల గుంపుని ఒకే అక్షరంగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి (అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి ప్రమాణం) 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. పాత యాప్‌లు దాన్ని పాటించవు, అందుకే షిఫ్ట్, బాణం ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఆగుతుంది. తెలుగులో నేను అక్షరం అక్షరంగా సెలెక్ట్ చేయడం మానేసి మాట మొత్తం డబుల్ క్లిక్ చేస్తాను.

మార్చుకోవాల్సింది ఒక్కటే ఉంది. ఇంట్లోని విండోస్ కీబోర్డు మ్యాక్‌కి తగిలిస్తే విండోస్ కీ కమాండ్ అవుతుంది, ఆల్ట్ ఆప్షన్ అవుతుంది, అంటే మ్యాక్ కీబోర్డు మీద ఉండే వరస తారుమారవుతుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, మాడిఫయర్ కీస్‌కి వెళ్లి ఆ ఒక్క కీబోర్డుకే రెంటినీ అటూ ఇటూ మార్చొచ్చు. కొత్త కీబోర్డు కొనక్కర్లేదు.